రాత్రి బాగున్న అట్ట తెల్లారేసరికి అప్పడం!

ప్రశ్న: ఇంట్లోనే బైండింగ్ చేస్తానండీ. స్కూలు రికార్డులు కుట్టి కుట్టి విసుగొచ్చి, ఇప్పుడు మాధవరం చీర ముక్కలతో సొంతంగా నోట్‌బుక్కులు చేస్తున్నా. పొద్దునకల్లా అట్టలు అప్పడాల్లా లేస్తున్నాయి. ఎండల వల్లేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఎండను ఒక్కదాన్నే తిట్టకండి. మైదా జిగురు తడికి పైన అంటించిన గుడ్డ సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను తనవైపు లాగేస్తుంది, మే నెలలో ఫ్యాన్ కింద పెట్టారా ఇంకా తొందరగా. లోపలివైపు కూడా కాగితం అంటిస్తేనే అది ఇటువైపు లాగి, ఆ లాగుడుకు సరితూగుతుంది. తర్వాత రెండు చెక్కల మధ్య పెట్టి, పైన రెండు కడప బండ ముక్కలు పడేసి (మీ ఊళ్లో వాటికేం కొదవ!) రాత్రంతా కదిలించకండి.

ఇంకోటి, అట్టకు నార ఉంటుంది, అంటే లోపలి పీచులు ఎక్కువగా ఒకే దిక్కున పరుచుకుని ఉంటాయి. చిన్న ముక్కను అటూ ఇటూ వంచి చూడండి, సులువుగా వంగినప్పుడు మడత ఎటు పడుతుందో నార అటే. అది పుస్తకం వీపు వెంబడి నిలువుగా ఉండాలి, అడ్డంగా కోస్తే ఎన్ని బండలు పెట్టినా దండగే.

పల్చటి చీర గుడ్డలోంచి జిగురు పైకొచ్చి మరకలవుతుంది, ముందు దాని వెనక పల్చటి కాగితం అంటించుకోండి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తారు కదా, అది విషం. వంటగిన్నెలో మాత్రం ఉడికించొద్దు తల్లీ.