రీకాయిలర్ మీద మొదటి చుట్లు ఎందుకు వదులవుతాయి?

కోల్డ్ రోలింగ్ మిల్లులో (లోహాన్ని వేడి చేయకుండానే రోలర్ల మధ్య పలచన చేసే చోట) వేగం నిలకడగా ఉన్నంతసేపు స్ట్రిప్ (పొడవాటి లోహపు రేకు) టెన్షన్ సరిగానే ఉంటోందనీ, కొత్త కాయిల్ మొదలుపెట్టి వేగం పెంచేటప్పుడు మాత్రం రీకాయిలర్ (బయటికొచ్చే స్ట్రిప్‌ను చుట్టగా చుట్టే రీల్) మీద మొదటి చుట్లు వదులై, తరువాత కాయిల్ లోపలి భాగం పక్కకు జారుతోందనీ మీరు రాశారు. లోడ్ సెల్ లూప్‌లో (టెన్షన్‌ను కొలిచి, తేడాను బట్టి మోటారును సవరించే ఏర్పాటులో) గెయిన్, అంటే ఆ సవరణ తీవ్రత, పెంచితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. చంద్రపూర్ జిల్లాలోని ఒక చిన్న మిల్లులో డ్రైవ్‌ల (మోటార్లను నియంత్రించే పరికరాల) పని చూసిన రోజుల్లో నేనూ మొదట గెయినే పెంచాను. వదులు తగ్గలేదు సరికదా, అంతవరకు నిలకడగా ఉన్న చోట కూడా టెన్షన్ ఊగడం మొదలైంది.

మా స్ట్రిప్ వెడల్పు 250 మి.మీ., మందం 1.2 మి.మీ. చదరపు మిల్లీమీటరుకు 8 కేజీల చొప్పున లెక్కవేస్తే మొత్తం లాగుడు 2,400 కేజీలు. 508 మి.మీ. వ్యాసమున్న ఖాళీ మాండ్రెల్ (కాయిల్‌ను చుట్టే ఇరుసు) మీద ఇందుకు సుమారు 610 కేజీ-మీటర్ల టార్క్ (తిప్పే బలం) చాలు, కాయిల్ 1,200 మి.మీ.కు పెరిగేసరికి 1,440 కావాలి. ఆ వ్యాసాన్ని డ్రైవ్ లైన్ వేగం నుంచీ రీల్ తిరిగే వేగం నుంచీ లెక్కగడుతుంది కనుక, లైన్ నత్తనడకన ఉన్నప్పుడు ఆ భాగహారాన్ని నమ్మకూడదు. అప్పటికి మాండ్రెల్ వ్యాసాన్నే బలవంతంగా ఇవ్వాలి. మా దగ్గర కాయిల్ దించాక రీసెట్ బటన్ నొక్కడం మరచిపోయిన షిఫ్టుల్లో పాత వ్యాసమే మిగిలిపోయి, లాగుడు రెండింతలు దాటి, అంచు పగుళ్లున్న చోట స్ట్రిప్ తెగేది. మాండ్రెల్ ముడుచుకునే సిగ్నల్‌కే రీసెట్‌ను కలిపాక ఆ బెడద పోయింది.

మీ సమస్య మాత్రం దానికి తలకిందులైనది. వేగం పెంచేటప్పుడు మోటారు ఇచ్చే టార్క్‌లో కొంత భాగం స్ట్రిప్‌ను లాగడానికి కాక, తిరిగే బరువులను పరుగెత్తించడానికి ఖర్చవుతుంది. అందరూ కాయిల్ బరువునే అనుమానిస్తారు, నేనూ అనుమానించాను. లెక్క వేస్తే, 5 సెకన్లలో నిమిషానికి 120 మీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 1,800 కేజీల నిండు కాయిల్ తీసుకునేది 44 కేజీల లాగుడే. అసలు దొంగ మోటారు రోటర్. దాని జడత్వం 2 కేజీ-చదరపు మీటర్లే అయినా, 15 రెట్లు తగ్గించే గేర్‌బాక్స్ ద్వారా చూస్తే 15 వర్గం, అంటే 225 రెట్లై 450 అవుతుంది. వ్యాసార్థం 254 మి.మీ. మాత్రమే ఉన్న ఖాళీ మాండ్రెల్ దగ్గర అది సుమారు 285 కేజీలు మింగేస్తుంది, అంటే మొత్తం లాగుడులో 12 శాతం. అందుకే వదులు సరిగ్గా మొదటి చుట్లలోనే కనిపిస్తుంది. మా ఆపరేటర్లు మరాఠీలో ‘ఢిలా’ అని రాసిన లాగ్‌బుక్ పేజీలన్నీ కాయిల్ ఆరంభానివే.

కనుక స్ట్రిప్ లేకుండా రీల్‌ను పూర్తి వేగంలో 25, 50, 75, 100 శాతాల వద్ద నిలకడగా నడిపి కరెంటు రాసుకోండి. అది రాపిడి వాటా. తరువాత అదే ఖాళీ రీల్‌ను మీ మామూలు ర్యాంప్‌తో (వేగం పెంచే రేటుతో) వేగం పెంచుతూ చూడండి; రాపిడికి మించి కనిపించే కరెంటు జడత్వం వాటా. ఈ రెండింటినీ ముందుగానే టార్క్ ఆదేశానికి కలపాలి. లోడ్ సెల్ లూప్‌కు మిగిలిన చిన్న తేడాను సవరించే పని మాత్రమే ఇచ్చి, దాని దిద్దుబాటును 10 శాతానికి పరిమితం చేయండి. పే-ఆఫ్ రీల్ (మిల్లులోకి స్ట్రిప్‌ను విప్పి ఇచ్చే రీల్) వైపు జడత్వం వాటా గుర్తు (ప్లస్, మైనస్) తిరగబడుతుందని మరవకండి. అక్కడ వేగం పెరిగేటప్పుడు కాయిల్‌ను స్ట్రిప్పే లాక్కుపోవాలి కనుక టెన్షన్ పెరుగుతుంది, బ్రేకింగ్ టార్క్‌ను ఆ మేరకు తగ్గించాలి. నేను మొదటిసారి రెండు వైపులా ఒకే గుర్తు పెట్టి, ఒక పూటంతా తెగిన ముక్కలు ఏరించాను.

ఇవి కుదిరాక నా గెయిన్‌ను మొదట ఉన్నదానిలో సగానికి దించినా లూప్ దాదాపు కదలలేదు. ఒక్క జాగ్రత్త: పాత మోటార్ల కాగితాల్లో రోటర్ జడత్వానికి బదులు జీడీ స్క్వేర్ అని ఇస్తారు. దాన్ని 4తో భాగించకుండా వాడితే ముందుగా కలిపే జడత్వం వాటా నాలుగింతలై, ఈసారి మొదటి చుట్ల దగ్గరే స్ట్రిప్ అతిగా బిగుస్తుంది. మీ గేర్ నిష్పత్తి, ర్యాంప్ సమయం రాస్తే మీ మిల్లుకు లెక్క వేసి చూపగలను.