ముందు లూపు వెయ్యడం నేర్చుకో

విజయవాడ

అమ్మడూ,

పాత 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లు రెండు కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఒకే తెరమీద రెండు బొమ్మలు కలిపి ఆడిస్తావట. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల దగ్గర్నుంచి రీళ్ల పెట్టెలు మోసుకొచ్చి, క్యాబిన్లో ముప్ఫై ఏళ్లు చెమటలు కక్కినవాణ్ని. మా రోజుల్లో బొమ్మ వణికితే జనం ఈలలు వేసి తిట్టేవాళ్లు. నువ్వు కావాలనే వణికిస్తానంటున్నావు. సరే, వణికించు. కానీ వణక్కుండా ఆడించడం చేతికొచ్చాకే.

పళ్ల చక్రాలు ఫిలింని ఆగకుండా లాగుతుంటాయి. గేటు దగ్గర, అంటే ఫ్రేము మీద లైటు పడే చోట మాత్రం అది సెకనుకి 24 సార్లు ఆగి కదలాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది గేటుకి పైనా కిందా వదులుగా వేసే లూపే. బిగిస్తే అంచు కన్నాలు చిరుగుతాయి. మరీ వదిలితే ఎక్కడో ఒరుసుకుని గీతలు పడతాయి. లైటార్పేసి వేళ్లతో తడుముకుంటూ ఎక్కించగలిగేదాకా వదలకు. చప్పుడు మారిందంటే చెయ్యి ముందు స్విచ్ మీదకి పోవాలి, కన్ను తర్వాత.

నీ ఆటకి పనికొచ్చే లెక్క ఒకటుంది. 16 ఎం.ఎం.లో అడుగుకి 40 ఫ్రేములు. ఆరడుగుల ముక్కని రెండు కొసలూ కలిపి అతికిస్తే పది సెకన్లకోసారి అదే బొమ్మ తిరిగొస్తుంది. రెండో మిషన్లో దానికన్నా జానెడు ఎక్కువ పొడుగున్న ముక్క వెయ్యి. తిప్పు తిప్పుకీ రెండు బొమ్మలూ కలిసే చోటు జరిగిపోతూ ఉంటుంది. ఆ ముక్కలు నేలకి తగలనివ్వకు, మన బెజవాడ దుమ్ముకి ఒక్క పూటలో గీతలు పడిపోతాయి.

ఓ మే నెల సెకండ్ షోలో నేను టీ తాగుతూ ఏమరుపాటుగా ఉన్నాను. ఫిలిం గేటులో ఇరుక్కుంది. లైటు వేడికి హీరోయిన్ బుగ్గమీద గోధుమరంగు మచ్చ పుట్టి, పొంగి, తెల్లటి కన్నమైంది. హాలంతా గోల, ఓనరు తిట్లు. నిజం చెప్పనా, అంత అందమైన బొమ్మ మళ్లీ చూళ్లేదు. (ఈ మాట మీ అత్తకి కూడా చెప్పలేదు.) నువ్వూ అలా కాల్చి చూడాలనుకుంటే, పోయినా బాధలేని తుక్కు ముక్క మీదే చెయ్యి. అన్నట్టు, వెనిగర్ వాసన కొట్టే రీలుంటే వేరే గదిలో పెట్టు. ఆ రోగం పక్క రీళ్లకీ అంటుకుంటుంది.

ఆదివారం పొద్దున్నే వస్తాను. ఫిలిం కోసి అతికించే నా పాత స్ప్లైసర్ తెస్తా, బ్లేడు మాత్రం నువ్వే కొనుక్కో.

మీ మావయ్య