చిన్నోడా, ఊళ్లో సంఘం పెట్టే ముందు ఇది చదువు

ఒరే చిన్నోడా,

మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి వస్తున్నావంట, యూట్యూబ్‌లో మాట్లాడింది చాలు, మన మండలంలో బెల్టు షాపుల మీద ఆడోళ్లని కూడగడతా అన్నావంట. మీ అమ్మేమో ఏడుపు, నాకేమో విన్నంతసేపూ గర్వంగా ఉండింది, రాత్రికి మాత్రం కంటి మీద కునుకు లేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, సగంలో వదిలేయొద్దు.

విశ్లేషణ చేసేవాళ్ల పని విశ్లేషణే, ఊళ్లల్లోకి దిగి ఏం చేస్తార్రా అని నీ ఫ్రెండ్స్ అంటున్నారంట గదా. దిగాలి నాయనా. నీ వీడియోలన్నీ చూస్తా నేను, ఏ నియోజకవర్గంలో ఏ కులం ఎటు పోతుందో బాగా చెప్తావు, కానీ కింద కామెంట్లు చూస్తే ఈ పార్టీవాళ్లు ఆ పార్టీవాళ్లని బూతులు తిట్టుకోవడం, మర్నాటికి ఇంకో వీడియో, మళ్లీ అవే తిట్లు. ఇన్నేళ్లలో నీ వీడియో చూసి ఏ ఊళ్లో అయినా నలుగురు ఒకచోట కూర్చున్నారా? ఆ సంగతి నీకే అనిపించింది చూడు, నాకు గర్వం అందుకే.

1992లో మన నెల్లూరు జిల్లాలో జరిగింది నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడులు పెట్టారు, నేనూ ఒక బడిలో చదువు చెప్పేదాన్ని. పగలంతా నాట్లేసి వచ్చిన ఆడోళ్లు లాంతరు చుట్టూ పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. వాచకంలో సారా పాఠం వచ్చిన రోజు ఎవరూ అక్షరాలు దిద్దలా, ఎవరింటి కథ వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత దూబగుంట కబురు వచ్చింది, అక్కడ రోశమ్మ వాళ్లు సారా కొట్టు మూయించారని. ఇక ఊరూరా ప్యాకెట్లు తగలబెట్టడమే, నెల్లూరులో సారా వేలం పాటలు కూడా జరగనీకుండా అడ్డం కూర్చున్నారు, వాయిదా మీద వాయిదా. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 94 ఎలక్షన్ల తర్వాత ఎన్టీఆర్ వచ్చి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. ఇదంతా కదిలించింది ఆ రాత్రి బడుల్లో కూర్చున్న ఆడోళ్లు.

ఇప్పుడు నా భయం చెప్తా, ఇది మాత్రం రెండుసార్లు చదువు.

మా బడికి టౌన్ నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు, చదువుకున్నోడు, మంచోడు, ఉద్యమం అంటే ప్రాణం పెట్టేవాడు. ఒకరాత్రి ఒకామె, మొగుడు తాగొచ్చి ఎట్ట కొడతాడో, పుస్తెలు ఎట్ట తాకట్టు పెట్టాడో చెప్పుకుని ఏడ్చింది. మా పదిమందిలో చెప్పుకున్న మాట అది. ఈ అబ్బాయి, లోకానికి తెలియాలి గదా అని, తెలిసిన విలేకరికి చెప్పాడు. ఆమె పేరు, ఊరు, ఫోటోతో సహా పేపర్లో పడింది. టీ కొట్టు కాడ ఎవరో గట్టిగా చదివి వినిపిస్తుంటే ఆమె మొగుడు అక్కడే ఉన్నాడు. సాయంత్రానికి సారా కాంట్రాక్టర్ మనుషులు కూడా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు. ఆ రాత్రి ఆమెకి చెయ్యి విరిగింది. నేనే పుత్తూరు కట్టు కట్టించడానికి తీసుకుపోయినా, దారి పొడుగునా ఒక్కమాట మాట్లాడలా. ఆ తర్వాత ఆమె బడికి రాలేదు, ఆమెని చూసి ఆ వీధి వీధంతా రావడం మానేసింది. మళ్లీ వాళ్ల గడప తొక్కి నమ్మించడానికి నెలలు పట్టింది. ఆ అబ్బాయికి మాత్రం టౌన్‌లో చప్పట్లు, మంచి కథనం తెచ్చావని. అతను పాపం కావాలని చెయ్యలేదు, కానీ బస్సెక్కి వెళ్లిపోయేవాడికి ఒక లెక్క, రాత్రికి ఆ ఇంట్లోనే పడుకోవాల్సినామెకి ఇంకో లెక్క. అప్పుడు పేపర్ ఒక్కరోజులో పొట్లాలకి పోయేది. నీ ఫోన్లో తీసింది ఎప్పటికీ పోదు గదరా! ఎవడో కత్తిరించి పాట పెట్టి వాట్సాప్‌లో తిప్పుతాడు. ఆమె అల్లుడు చూస్తాడు, కూతురి అత్తగారు చూస్తుంది.

అందుకని మొదటి ఏడాది మన ఊరి మీటింగుల్లో ఫోన్ బయటికి తీయొద్దు. లైవ్ వద్దు, సెల్ఫీ వద్దు, "ముఖం బ్లర్ చేస్తా అత్తా" అనొద్దు, గొంతు గుర్తుపట్టరా ఊళ్లోవాళ్లు? ఈ విషయంలో నువ్వు నా మాట జవదాటితే మా గుమ్మం తొక్కొద్దు. కోపంగా రాస్తున్నా అనుకోకు, నీకు చెడ్డపేరు వస్తే నేను తట్టుకోలేను, నిన్ను ఈ చేతుల్తో పెంచినా.

మిగతావి నీకు తెలిసినవే. అర్జీ రాతపూర్వకంగా ఇయ్యి, తేదీ వేసిన రసీదు తీసుకో. సమాచార హక్కు దరఖాస్తుకి ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. ఏ పార్టీ కండువా వేసుకోకు. బెల్టు షాపు నడిపే మనిషి మీదకి పోకు, మనూళ్లో అది నడిపేది ఒక ముసలామె, ఆమెకీ వేరే గతి లేదు, సరుకు కేసులు కేసులుగా దించేది లైసెన్సు షాపువాళ్లు, నీ అర్జీ వాళ్ల మీద ఉండాలి.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ వీడియోలు చెయ్యరు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకి డబ్బుల్లేవన్నారు. అప్పుడు ఊరూరా ఆడోళ్లు మళ్లీ రోడ్డెక్కలా, ఎందుకంటే గెలిచాం అనుకుని చాలా చోట్ల కలవడమే మానేసి ఉన్నారు. కలుస్తా ఉన్నది ఎవరంటే పొదుపు లక్ష్మి వాళ్లు. సారా ఉద్యమం వేడిలోనే మన జిల్లాలో మొదలైంది అది, రోజుకి రూపాయి దాచుకోవడం. ఆ రూపాయి కట్టడానికైనా కలిసేవాళ్లు, కలిస్తే నాలుగు మాటలు వచ్చేవి, రేషన్ గురించో నీళ్ల గురించో. నువ్వు పెట్టే సంఘానికి కూడా అట్టాంటి పని ఒకటి కావాల, గొడవ లేని నెలలో కూడా జనం వచ్చి కూర్చునేట్టు. అది పింఛన్ల అర్జీలు రాసిపెట్టడం కావచ్చు, పిల్లలకి సాయంత్రం చదువు కావచ్చు. ముందు వెళ్లి వాళ్లనే అడుగు, నువ్వు అనుకున్న సమస్య వాళ్లది కాకపోవచ్చు కూడా. బెల్టు షాపు కంటే మైక్రోఫైనాన్స్ కిస్తీ ఎక్కువ బాధగా ఉందేమో, ఎవరికి తెలుసు.

ఛానల్ మూసేయకు. నీ తిండికి అదే ఆధారం, సంఘం డబ్బులతో బతికే పరిస్థితి తెచ్చుకోవద్దు. జీవోలు చదివి అర్థమయ్యేట్టు చెప్పు, అర్జీ ఎట్ట రాయాలో చెప్పు, అవి పక్క జిల్లావాళ్లకీ పనికొస్తాయి. కులాల లెక్కలు కొన్నాళ్లు ఎవరో ఒకరు చెప్తార్లే.

వచ్చే ఆదివారం పొద్దునే రా. నాట్ల టైం, ఆడోళ్లు సాయంత్రం నాలుగు దాటితే గానీ ఇళ్లకి రారు, అప్పుడు ఇద్దరి ఇళ్లకి తీసుకుపోతా. నువ్వు మాట్లాడొద్దు, కూర్చుని విను. రాత్రికి మనింట్లోనే భోజనం, చేపల పులుసు పెడతా. అమ్మని కూడా వెంటబెట్టుకురా, ఆమెతో నేను మాట్లాడతా.

మీ అత్త