చార్టర్ విమానంలో ఇంగ్లండ్ బీచ్‌కి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆగస్టు రెండో వారంలో మా అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజు. పిల్లాపెద్దా కలిసి పదకొండు మందిమి. హైదరాబాద్ నుంచి చార్టర్ విమానం మాట్లాడుకుని ఇంగ్లండ్‌లో ఏదైనా బీచ్ ఊళ్లో వారం రోజులు ఉందామనుకుంటున్నాం. బ్లాక్‌పూల్ ఎయిర్‌పోర్టు ఊరి పక్కనే ఉందట. ‘ఏ జెట్ అయినా దిగుతుంది మేడమ్’ అంటున్నాడు బ్రోకర్. నమ్మొచ్చా?
– ఓ పాఠకురాలు, జూబ్లీహిల్స్

జవాబు: దిగడం వరకు ఆయన మాట కొట్టిపారేయలేం. దిగే సమయానికి ట్యాంకుల్లో ఇంధనం చాలావరకు ఖర్చయిపోతుంది, విమానం తేలికపడుతుంది. మీరు అడగాల్సింది తిరుగు ప్రయాణం గురించి. హైదరాబాద్ దాకా ఆగకుండా రావాలంటే అక్కడ ట్యాంకులు బాగా నింపుకుని లేవాలి. గల్ఫ్‌స్ట్రీమ్ జీ550 లాంటి పెద్ద జెట్ నిండు బరువుతో లేవడానికి, సముద్రమట్టం దగ్గర చల్లని వాతావరణంలో కూడా సుమారు 1,800 మీటర్లు కావాలి. బ్లాక్‌పూల్ ప్రధాన రన్‌వే 1,869 మీటర్లు. దానికి వాన తడి తోడైతే పైలట్ ఇంధనం తగ్గించుకుంటాడు, దారిలో ఎక్కడో దిగి నింపుకుంటాడు. ఆ ఖర్చు మీదే.

మా సలహా బోర్న్‌మత్. దక్షిణ తీరంలో ఉంది, రన్‌వే 2,271 మీటర్లు. హర్న్ దగ్గరున్న ఎయిర్‌పోర్టు నుంచి బీచ్‌కి కారులో సుమారు అరగంట. ఇసుక తీరం దాదాపు 11 కిలోమీటర్లు. కాన్వాల్ వైపు మనసుంటే న్యూకీ రన్‌వే ఇంకా పొడవు, 2,744 మీటర్లు. బ్రైటన్ పక్కన షోరమ్‌లో ఉన్నది కిలోమీటరు పైచిలుకే, మీ విమానానికి అది పనికిరాదు. బ్రైటనే కావాలనుకుంటే లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో దిగి రోడ్డున వెళ్లాలి. ఒక్క మాట, ఆగస్టులో కూడా అక్కడి సముద్రం 18 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక విమానం సంగతి. హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా గీత గీస్తే 7,700 కిలోమీటర్లు. కానీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. ఆ మూత ఉన్నంతకాలం అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సిందే. పోయేటప్పుడు ఎదురుగాలి ఒకటి. జీ550, గ్లోబల్ 6000, ఫాల్కన్ 7ఎక్స్ తరగతి విమానాలకు ఇది లెక్క కాదు. చాలెంజర్ 605 అయితే మధ్యలో ఒకసారి ఆగాలి. హాకర్ 850 సంగతి చెప్పనక్కర్లేదు, అందులో పదకొండు మంది పట్టరు కూడా.

బయల్దేరే వేళ తెల్లవారుజామున నాలుగు గంటలు పెట్టుకోండి. ఇది పంచాంగం చూసి చెబుతున్న ముహూర్తం కాదు. శంషాబాద్ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల ఎత్తున ఉంది. ఎండ వేళ గాలి పల్చబడి ఇంజన్ల బలం తగ్గుతుంది, చల్లటి వేళ బరువుతో లేవడం తేలిక. పదకొండు గంటల ప్రయాణం అనుకుంటే అక్కడ దిగేసరికి ఉదయం పదిన్నర. చిన్న ఎయిర్‌పోర్టులు రాత్రిపూట మూసేస్తాయి, తెరిపించాలంటే అదనపు రుసుము కట్టాలి. ఈ వేళకి ఆ బెడద ఉండదు. అంతసేపటి ప్రయాణం ఇద్దరు పైలట్ల డ్యూటీ పరిమితి దాటే అవకాశం ఎక్కువ. మూడో పైలట్ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో చూసుకోండి.

తీరంలో పొగమంచు కమ్మితే సౌతాంప్టన్‌కో ఎక్సెటర్‌కో మళ్లిస్తారు. కార్ల వాళ్లకు ఆ రెండు పేర్లూ ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: ఇలాంటి ప్రయాణానికే మూడు కొటేషన్లు తెప్పించాం. ఒకటి మిగతా రెండింటి కన్నా బాగా తక్కువ. తిరకాసు ఎక్కడ?
– ఓ పాఠకుడు, కోకాపేట

జవాబు: ముందు విమానం రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మన దేశానివి వీటీతో మొదలవుతాయి. ఆ నంబరు విమానం మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్‌లో ఉందో లేదో చూపించమనండి. పర్మిట్ లేకుండా ఎవరో పారిశ్రామికవేత్త సొంత వాడకానికి రిజిస్టరు చేయించుకున్న విమానాన్ని డబ్బులకు తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. పైగా, డబ్బు తీసుకుని ప్రయాణికులను దింపే విదేశీ ఆపరేటర్‌కి బ్రిటన్ విమానయాన అధికారుల అనుమతి కూడా కావాలి. ‘ల్యాండింగ్ పర్మిట్ వచ్చింది’ అని నోటిమాటగా చెబితే చాలదు, కాగితం చూడండి.

కాగితాలు సరిగ్గానే ఉంటే, తేడా దాచిపెట్టిన పద్దుల్లో ఉంటుంది. పెద్ద జెట్లు ఎక్కువగా ఢిల్లీ, ముంబైలలో ఉంటాయి. అక్కడి నుంచి ఖాళీగా హైదరాబాద్ వచ్చి, చివర్లో ఖాళీగా వెనక్కి పోయే గంటలకూ మీరే కట్టాలి. మీరు బీచ్‌లో ఉన్న వారం రోజులూ పార్కింగ్, సిబ్బంది హోటల్ బిల్లు నడుస్తూనే ఉంటాయి. జీఎస్టీ కలిపారా, ఇంధనం ధర పెరిగితే తేడా ఎవరు భరించాలి, ఈ రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

అందరూ మరిచిపోయేది బ్రిటన్ ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ. అక్కడి నుంచి బయల్దేరేటప్పుడు తలకింత వేస్తారు. 20 టన్నులు, అంతకు మించిన బరువుండి 19 మంది కంటే తక్కువ మంది పట్టే విమానమైతే రేటు వేరు. ఇండియా దూరానికి 647 పౌండ్లు ఉండేది, 2026 ఏప్రిల్ 1 నుంచి 1,097 అయింది. పదకొండు మందికి 12,067 పౌండ్లు. చౌక కొటేషన్‌లో ఈ పద్దు కనిపించకపోతే, తిరిగొచ్చాక వేరే బిల్లు వస్తుందన్నమాట.

ఇంకొకటి. భారతీయ విమానంలో బోర్న్‌మత్ వెళ్లి, డబ్బు కట్టి అదే విమానంలో స్కాట్లండ్ చుట్టి వద్దామనుకోకండి. బ్రిటన్ లోపలి ప్రయాణాలకు విదేశీ ఆపరేటర్లను మామూలుగా ఒప్పుకోరు.

ప్రశ్న: సొంతంగా విమానం మాట్లాడుకున్నాక కూడా వీసా క్యూలో నిలబడాలా?
– ఓ పాఠకుడు, కొంపల్లి

జవాబు: నిలబడాలి. విజిటర్ వీసా, వేలిముద్రలు అందరిలాగే. పైగా ప్రయాణికుల వివరాలను జనరల్ ఏవియేషన్ రిపోర్టుగా బ్రిటన్ అధికారులకు పంపాలి. విమానం బయల్దేరడానికి 48 గంటల ముందు నుంచి 2 గంటల ముందు వరకే గడువు. ఈ పని ఆపరేటర్ చేస్తాడు కానీ పేర్లు ఇచ్చేది మీరు. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్న మన పాత గొడవ ఇక్కడే కొంప ముంచుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. చివరి గంటలో ‘బావగారు కూడా వస్తారట’ అంటే కుదరదు.

ప్రశ్న: నాయనమ్మకు ఎనభై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడకు మన తిండే కావాలి. బిర్యానీ, పచ్చళ్లు విమానంలో పెట్టుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: బిర్యానీ హండీతో వెళ్తే గ్యాలీలో, అంటే విమానంలోని చిన్న వంటగదిలో, పెట్టే చోటే ఉండదు. అక్కడుండేది చిన్న అవెన్ మాత్రమే. లోతు తక్కువ ఫాయిల్ ట్రేలలో, రెండు మూడు ప్లేట్ల చొప్పున సర్ది, పూర్తిగా చల్లార్చి ఇవ్వమనండి. పెరుగన్నం ఐస్ పెట్టెలో. పచ్చడి సీసా నిండా పోయకండి. పైన కేబిన్‌లో గాలి పీడనం కిందికన్నా తక్కువ, మూత కింద చిక్కుకున్న గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూత చుట్టూ టేప్ వేసి, జిప్ కవర్లో నిలబెట్టండి. మామిడి ఆవకాయకు బ్రిటన్‌లో అభ్యంతరం లేదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పన్నీర్, పాలకోవా మాత్రం ఇండియా నుంచి తీసుకెళ్లకూడదు. తినగా మిగిలినవి విమానంలోనే వదిలేయండి.

నాయనమ్మ విషయం తిండికన్నా ముఖ్యం. చిన్న జెట్‌కి ఏరోబ్రిడ్జి ఉండదు. తలుపుతోపాటు కిందికి దిగే మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి సాధారణంగా ఒకవైపే ఆసరా. ఎత్తి ఎక్కించే కుర్చీ, ఇద్దరు మనుషులు కావాలని రెండు ఎయిర్‌పోర్టుల హ్యాండ్లింగ్ ఏజెంట్లకూ వారం ముందే రాసి పంపించండి. బాత్రూమ్ సాధారణంగా కేబిన్ వెనక చివరన ఉంటుంది. ఆవిడ సీటు దానికి దగ్గరగా, పడకగా మారే సీటైతే మేలు.