పన్నెండు మందిలో పేరు లేదని

కర్నూలు కల్లూరు నుంచి ఒకామె రాశారు. పేరు వద్దన్నారు. పదేళ్లుగా అక్కడి క్యాథలిక్ చర్చి విచారణ (పారిష్) మహిళా సంఘంలో ఉన్నారు. గురువారం పెద్దాసుపత్రి దగ్గర అన్నం పొట్లాలు పంచుతారు, శనివారం గుడి కడుగుతారు. ఈ ఏడాది ఈస్టర్‌కు ముందొచ్చే పవిత్ర గురువారం నాడు, క్రీస్తు శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా ఫాదర్ ఎవరి కాళ్లు కడుగుతారో ఆ పన్నెండు మందిలో ఈమె పేరు తీసేసి, నిన్నగాక మొన్న సంఘంలో చేరినామెను పెట్టారట. "బాధేసింది. బాధపడ్డందుకు మళ్లీ సిగ్గేసింది. వినయం రావాలంటే ఇంకా ఏ సేవ చేయాలి?" అని అడిగారు.

అమ్మా, ఇంకే సేవా వద్దు. ఉన్నవే ఎక్కువయ్యాయి. 2016లో పోప్ ఫ్రాన్సిస్ నియమం మార్చేదాకా ఆ పన్నెండు మందిలో ఆడవాళ్లకు చోటే లేదు. ఒక ఏడాది మీ పేరు పోతే ఏం కాదు, వదిలేయండి.

నన్ను పట్టుకున్నది మూడో పేజీలో మీరు రాసిన ఒక్క ముక్క. "అత్తకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర, మా యారాలి దగ్గరుంది, నెలకు నాలుగు వేలు ఫోన్‌పే చేస్తాం." వెంటనే మళ్లీ పొట్లాల లెక్క. అత్త గాజులు పెద్దకోడలికే ఇచ్చిందని, అప్పటినుంచి ఆ గడప తొక్కలేదని చివర్లో రాశారు. నా లెక్కలో మీ ఉత్తరమంతా మీ యారాలి గురించే.

2009 అక్టోబరు వరదలో పాత ఊరు మునిగినప్పుడు, మూడు నెలల మీ పాపను రెండు రాత్రులు మిద్దె మీద ఒళ్లోనుంచి దించనిది ఈమే అని మీరే రాశారు. ఇప్పుడు మీ అత్తను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నదీ ఈమే. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. మా అమ్మ మంచంలో ఉన్న ఎనిమిది నెలలు నేను అలారం పెట్టుకుని లేచాను. అర్ధరాత్రి దుప్పటి మార్చేటప్పుడు భక్తి గుర్తుకు రాదమ్మా, ఇంకో చెయ్యి తోడుంటే బాగుండనిపిస్తుంది. అంబలి తాగించాలన్నా నిటారుగా కూర్చోబెట్టాలి, పొలమారితే ప్రాణం మీదికొస్తుంది. ఒక్కతే ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు మీ నాలుగు వేలు వచ్చి ఒక పక్క పట్టుకోవు కదా.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం మీకు నోటికి వచ్చే ఉంటుంది. క్రీస్తు నడుముకు తువ్వాలు చుట్టుకుని కడిగింది తన పంక్తిలో కూర్చున్నవాళ్ల కాళ్లే. అందులో ఆయన్ను పట్టించిన యూదా కూడా ఉన్నాడు. మీ గాజుల తగవు అంతకంటే పెద్దదా? మార్కు ఏడో అధ్యాయం కూడా తీసి చూడండి. అమ్మానాన్నలకు పెట్టాల్సింది "కొర్బాను", దేవుడికి ఇచ్చేశాం అని తప్పించుకునేవాళ్లను ఆయన గట్టిగానే మందలించాడు. మీ గురువారాలు నాకు కొర్బానులాగే కనిపిస్తున్నాయి. కటువుగా అన్నాను, అనే ఉద్దేశంతోనే అన్నాను.

ఇక మీ ఆయన. ఉత్తరంలో ఆయన ఊసే లేదు. తల్లి ఆయనకు కదా! ఆదివారం పూజ కాగానే వెంటబెట్టుకుని పోండి, ఎత్తడానికి బలమున్న చెయ్యి కావాలి.

గాజుల సంగతి మింగేసి తల వంచుకోమని మాత్రం చెప్పను. అన్యాయం అనిపిస్తే అడగండి. అయితే అత్త మంచం దగ్గర వద్దు. రెండు నెలలు పని పంచుకున్నాక అక్కను పక్కకు పిలిచి అడగండి. ఈ ఏడాదిన్నర గురించి ఆమె కూడా నాలుగు మాటలు అంటుంది, పడాలి.

ఈ గురువారం పొట్లాలు ఆ కొత్తామె పంచుతుంది. మీరు షేర్ ఆటో ఎక్కి హంద్రీ నది దాటి అత్త దగ్గరికి పోండి. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, గోళ్లు తీసేది చాలు. చచ్చుపడిన కాలికి వేడి తెలియకపోవచ్చు, ముందు మీ మోచేతితో చూసుకోండి. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. ముందురోజే అక్కకు ఫోన్ చేసి, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనుంటా, నువ్వు మీ పుట్టింటికి పోయి రా" అనండి. ఏ మందు ఎప్పుడు వేయాలో ఆమెతోనే కాగితం మీద రాయించుకోండి.