బ్రేక్ ఆయిల్ అడిగి కొన్నాను, విమానం సీళ్లు పాడయ్యాయి: కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రిటైరయ్యాక కిట్ తెప్పించుకుని, మూతపడిన రైస్‌మిల్లు షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం తయారు చేసుకుంటున్నాను. నల్లగొండలో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో బ్రేక్ ఆయిల్ కొని పోశాను. మూడు వారాల్లో బ్రేకుల్లో ద్రవం కారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఉబ్బి, ఆయిల్ కారిపోయింది. కారిన చోట రంగు కూడా లేచింది. దుకాణదారుపై కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. నిలుస్తుందా అన్నది ఆ రోజు కౌంటరు దగ్గర మీరు ఏమని అడిగారన్న దానిపై ఉంటుంది.

మనం అన్నింటినీ బ్రేక్ ఆయిల్ అనేస్తాం. కార్లలో పోసే డాట్ 3, డాట్ 4 అసలు నూనెలే కావు, గ్లైకాల్ ద్రవాలు. పెయింటును తినేస్తాయి, మీ రంగు లేవడానికి కారణం బహుశా అదే. వాటికి ఈపీడీఎం రబ్బరు సీళ్లు కావాలి. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడేది మిల్-హెచ్-5606 అనే ఎర్రటి ఖనిజ నూనె, దానికి నైట్రైల్ అనే మరో రకం రబ్బరు సీళ్లు. ఒకదాని సీలుకు మరొకదాని ద్రవం సరిపడదు. కొన్ని కిట్లలో కారు ద్రవానికి తగిన సీళ్లే ఇస్తారు కాబట్టి మీ కిట్ మాన్యువల్‌లో ఏముందో ముందు చూడండి. అవతలి వకీలు మొదట తెరిచేదీ ఆ పేజీనే.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఏ పనికో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. "విమానానికి" అని చెప్పారా? చెబితే మీ పక్షం గట్టిది. "ఒక డాట్ 4 డబ్బా ఇవ్వండి" అని ఊరుకుంటే, అడిగిందే ఇచ్చాను అంటాడు. నిజం చెప్పాలంటే నేనైనా ఆయన తరఫున అదే వాదిస్తాను. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం, వస్తువును దుర్వినియోగం చేస్తే అమ్మినవాడిపై ఉత్పత్తి బాధ్యత దావా, అంటే వస్తువు వల్ల జరిగిన నష్టానికి పరిహారం కోరే దావా, చెల్లదు.

సొంత సరదాకు కొన్నారు కనుక మీరు వినియోగదారే. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర రూ. 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. బిల్లు, మిగిలిన డబ్బా, ఉబ్బిన సీళ్లు కడగకుండా దాచండి. అవసరమైతే కమిషన్ వాటిని ప్రయోగశాలకు పంపుతుంది.

ఆ తర్వాతే మరమ్మతు. పాత ద్రవం తీసి కొత్తది పోస్తే చాలదు. గొట్టాలు శుభ్రం చేసి సీళ్లన్నీ మార్చాలి. ఏ ద్రవం, ఏ సీలు, ఏ తేదీన వేశారో నిర్మాణ పుస్తకంలో రాయండి. ఎగరడానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి కోరినప్పుడు ఈ సీళ్ల సంగతి దాచవద్దు.