రిసెప్షన్ రోబోకి ఎలాంటి ముఖం పెట్టాలి?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా రిసెప్షన్ రోబో చేస్తున్నామని, దానికి సిలికాన్ ముఖం పెట్టాలా, కనీసం ఎన్ని భావాలు చూపించాలని అడిగారు.

సిలికాన్ జోలికి పోకండి. రోబో మనిషిని పోలేకొద్దీ నచ్చుతుంది కానీ, ఇంకాస్త దగ్గరయ్యేసరికి శవాన్ని చూసినట్టు ఒళ్ళు జలదరిస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశారు. 1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో సింథియా బ్రెజీల్ చేసిన కిస్మెట్ అనే రోబోని చూడండి. చర్మమే లేదు. లోహపు చట్రానికి పెద్ద కళ్ళు, కనుబొమలు, పెదాలు, చెవులు, అంతే. ఎవరైనా మరీ మీదకొస్తే అది మెడ వెనక్కి తీసుకునేది. దాంతో వాళ్ళూ ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు.

నేను ఓ కాలేజీ ల్యాబ్‌లో పిల్లలతో ఇలాంటి ముఖాలు చేయిస్తుంటాను. అందరూ ముందు నోటి మీద పడతారు. నన్నడిగితే ముందు కనురెప్పలు, తర్వాత కనుబొమలు, నోరు ఆఖరున. రెప్ప సగం వాలితే నిద్రమత్తు, పూర్తిగా తెరుచుకుంటే ఆశ్చర్యం. కనుబొమ లోపలి కొస కాస్త కిందికి దిగితే చాలు, నవ్వుతున్న నోరు కూడా వెటకారంగా కనిపిస్తుంది. సరిగ్గా నాలుగు సెకన్లకోసారి రెప్ప వేయిస్తే గడియారంలా ఉంటుంది, వ్యవధి మారుస్తూ ఉండండి. ఎవరైనా పిలిస్తే ముందు కళ్ళు తిరగాలి, ఆ వెనకే తల.

భావాల లెక్క పెద్ద విషయం కాదు, ఏ ముఖం ఎప్పుడు పెడుతుందన్నదే ముఖ్యం. ఓ ప్రదర్శనలో మా రోబో ఏ కారణమూ లేకుండా దిగులు ముఖం పెడితే, ఒక పెద్దాయన "పాపం, ఛార్జింగ్ అయిపోయినట్టుంది" అన్నారు. అదే ముఖం, మాట అర్థం కానప్పుడు తల కొంచెం వంచి "మళ్ళీ చెప్తారా?" అంటూ పెట్టిస్తే, ఆయనే గొంతు పెంచి నిదానంగా చెప్పారు. రిసెప్షన్‌కి పలకరింపు, వినడం, అర్థం కాకపోవడం, వీడ్కోలు సరిపోతాయి. కోపం ఎందుకసలు, దానికి మన ఆఫీసుల్లో మనుషులున్నారుగా!

ముఖాన్ని కదిలించే చిన్న మోటార్లు, అంటే సర్వోలు, చవకవైతే కిర్రుమంటాయి, ఆ చప్పుడుకి జనం నవ్వేస్తారు. ఒక్కసారిగా కాకుండా మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా కోడ్ రాస్తే చాలావరకు తగ్గుతుంది. సర్వోలకి కరెంటు, వాటిని నడిపే ఆర్డుయినో బోర్డు 5 వోల్టుల పిన్ నుంచి మాత్రం ఇవ్వకండి, వేరే సప్లై పెట్టి రెండింటి గ్రౌండ్ (నెగటివ్) వైర్లు కలపండి. లేదంటే అన్నీ ఒకేసారి కదిలినప్పుడు బోర్డు రీసెట్ అయ్యి, రోబో అతిథి ముందు సగం నవ్వుతో ఆగిపోతుంది.